తుప్పు గీకడం ఎవరి పని?

గిన్నెకి పట్టిన మసి రుద్దడం ఆడవాళ్ళ పని. చక్రానికి పట్టిన తుప్పు రుద్దడం మగవాళ్ళ పని. రెండుచోట్లా చెయ్యి చేసేది ఒకటే. భుజం నొప్పి ఒకటే. గోళ్ళలో ఇరుక్కునే నలుపు కూడా ఇంచుమించు ఒకటే. అయినా మొదటిదానికి జీతం లేదు, పేరు లేదు, సెలవు లేదు. రెండోదానికి షాపుంది, బోర్డుంది, రేటుంది, 'ఉస్తాద్' అనే పిలుపుంది. పనిని బట్టి కాక ఆ పనిచేసే చేతుల్ని బట్టి దాని విలువ నిర్ణయమవుతుందని స్త్రీవాదం మనకి చెప్పి చాలా ఏళ్ళయింది. నేను తరగతిలో ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళాక వరసగా ఐదు ఆదివారాలు నా కారు చక్రాలకి నేనే రంగు వేసుకున్నాను. పాఠంగా చెప్పినప్పుడు ఆ మాటలో కనబడని మడతలు కొన్ని అప్పుడు కనబడ్డాయి. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

పీహెచ్‌డీ వచ్చి ఆరేళ్ళయింది. రెండు కాలేజీల్లో గెస్ట్ ఫాకల్టీగా పీరియడ్ లెక్కన పాఠాలు చెబుతున్నాను. ఒకటి నగరానికి ఈ చివర, ఇంకోటి ఆ చివర. మధ్యాహ్నం రెండింటి మధ్య బస్సులు మారి వెళ్ళేసరికి క్లాసు సగం అయిపోయేది. అందుకని రెండేళ్ళ కిందట సెకండ్ హాండ్‌లో ఒక పాత ఆల్టో కొన్నాను. ఇంజను మంచిదే. చక్రాలు మాత్రం ఇనుపవి, పన్నెండంగుళాలవి. పైనుండే ప్లాస్టిక్ మూతలు ఎప్పుడో ఊడిపోయి, రంగు పొక్కులుపొక్కులుగా లేచి, కింద ఎర్రటి తుప్పు బయటపడింది.

రంగు వేయించడానికి ఒక షాపుకి వెళితే కుర్రాడు నావైపు చూడకుండా నా వెనకాల చూశాడు. "సార్ రాలేదా మేడం?" అన్నాడు. సార్ ఎవరూ లేరని చెప్పాను. చక్రానికి పదిహేను వందలు, నాలుగింటికి ఆరు వేలన్నాడు. ఏమేం చేస్తారని అడిగాను. "అది మీకు తెలవదు మేడం, ప్రాసెస్ ఉంటది" అన్నాడు. ఆ 'ప్రాసెస్' అనే మాట నన్ను పట్టుకుంది. నాకు తెలియనిదేదో ఉండటం వింత కాదు. అది నాకు తెలియనక్కరలేదని ముందే తేల్చేయడమే వింత. పరిశోధన చేసినవాళ్ళకి ఇలాంటి చోట వదిలేయడం కష్టం. ఇంటికొచ్చి ఆ ప్రాసెస్ ఏమిటో నేర్చుకోవడం మొదలుపెట్టాను.

అందులో రహస్యమేమీ లేదు. ఓపిక మాత్రం చాలా కావాలి. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తీయని చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టాలి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. గాల్లోకి లేచాక తిప్పబోతే నట్టుకి బదులు చక్రమే తిరుగుతుంది. షాపువాళ్ళు గాలి మిషన్‌తో బిగించిన నట్లు అవి. చేతులతో కదల్లేదు. స్పానర్‌ని అడ్డంగా పెట్టి, దాని కొస మీద ఎక్కి నిలబడ్డాను. నా యాభై రెండు కిలోలూ అక్కడ పనికొచ్చాయి. కిర్రుమని ఒక చప్పుడు, నట్టు వదిలింది. 'బలం' అని మనల్ని భయపెట్టే దాంట్లో సగం స్పానర్ పొడవే!

ఒక్కో ఆదివారం ఒక్క చక్రం. తీసిన చోట స్టెప్నీ బిగిస్తే సోమవారం కాలేజీకి బండి ఆగదు. స్టెప్నీ అనే మాట మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి అనే ఊళ్ళో, స్టెప్నీ వీధిలో, డేవీస్ సోదరులు తయారుచేసిన అదనపు చక్రం అది. అప్పటికి కార్లు అదనపు చక్రం లేకుండానే వచ్చేవి. ఆ వీధి పేరు మన దేశం దాకా వచ్చి మన భాషలో స్థిరపడింది. మగవాళ్ళ జోకుల్లో పెళ్ళాం కాని ఆడమనిషికి మారుపేరు కూడా అయింది. అవసరానికి వాడుకుని మళ్ళీ డిక్కీలో పడేసేది అని అర్థం. ఐదు వారాలపాటు నా ఉద్యోగాన్ని మోసింది ఆ స్టెప్నీయే. గెస్ట్ ఫాకల్టీని ఏ అర్థంలో పిలవాలో నాకప్పుడు తెలిసింది.

చక్రం విప్పాక అసలు పని మొదలవుతుంది. ముందు సబ్బునీళ్ళతో కడగాలి. బ్రేకుల నుంచి రాలే నల్లటి పొడి, రోడ్డు మీది తారు, గ్రీజు పోవాలి. తర్వాత ఇనుప బ్రష్. ఆ తర్వాత ఎమరీ పేపర్. తుప్పున్నచోట ముందు ముతకది, ఎనభై నంబరుది. అది గీసిన గీతలు పోవడానికి రెండువందల ఇరవై. చివరికి నాలుగువందల నంబరు వాటర్ పేపర్, నీళ్ళు చల్లుకుంటూ. పాత రంగుని పొడిగా గీకితే లేచే ధూళి పీల్చకూడదు, అందుకే తడిపి రుద్దాలి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పిపిఎం మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అవి ఇళ్ళ రంగులకీ అలంకరణ రంగులకీ వర్తించేవి. బండ్ల రంగులకి కాదు. ఇంట్లో పిల్లలు పీల్చే గాలి గురించి ఆలోచించిన చట్టం, షెడ్డులో రంగు గీకే పిల్లవాడు పీల్చే గాలి దాకా రాలేదు.

అమ్మ ఆ వారం మా ఇంట్లోనే ఉంది. ఆమెకిది ఏమాత్రం నచ్చలేదు. "డాక్టరేట్ చేసి ఇనుము గీకుతావా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారే" అని గొణిగింది. జీవితమంతా ఆమె తోమిన ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, ఇనుప మూకుళ్ళు నలుగురికీ కనబడలేదు. అవి పెరట్లో జరిగాయి. నేను చేస్తున్నది సెల్లార్‌లో, అందరూ వచ్చిపోయే చోట. ఆమె అభ్యంతరం గీకడం గురించి కాదు, కనబడటం గురించి.

అయినా రెండో రోజుకి పీట వేసుకుని నా పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "అలా అడ్డదిడ్డంగా కాదు, ఒకే వాటం మీద రుద్దు" అంది. నట్టు బెజ్జాల చుట్టూ మొండిగా పట్టిన తుప్పుకి చింతపండు గుజ్జు పట్టించి ఉంచమంది. పులుపు తుప్పుని మెల్లగా కరిగిస్తుంది. కడిగి వెంటనే తడి లేకుండా ఆరబెట్టకపోతే గంటలోనే మళ్ళీ ఎర్రబారుతుందని కూడా ఆమే చెప్పింది. అది ఆమెకి మూకుళ్ళు నేర్పిన చదువు. ప్రైమర్ ఎందుకని అడిగితే, ఇనుముకీ రంగుకీ మధ్య పట్టు కోసం అని చెప్పాను. "కళాయి లాంటిదన్నమాట" అంది. తన చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసేవాళ్ళు వచ్చేవారట. గిన్నె కాల్చి, నవాసాగరం వేసి, గుడ్డతో తుడిచి, అప్పుడు తగరం పూసేవారట. "మకిలి ఉంటే కళాయి అంటదు. వాళ్ళు తుడవడానికే ఎక్కువసేపు తీసుకునేవాళ్ళు" అంది.

రంగు వేయడం గురించి నేను చదివినవాటన్నిటి సారం ఆ ఒక్క మాటలో ఉంది. పని తొంభై పాళ్ళు తుడవడం, గీకడం, కడగడం. రంగు పది పాళ్ళే. మెరిసేది ఆ పదే. లోకం చూసేదీ, డబ్బిచ్చేదీ ఆ పదికే. మిగిలిన తొంభై పాళ్ళు ఎవరు చేస్తారో వాళ్ళు ఎప్పుడూ ఫోటోలో ఉండరు.

చరిత్రలోనూ ఇదే వరస. ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రయాణం చేసిన కారు డ్రైవరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్త కార్ల్‌కి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, వంద కిలోమీటర్లకి పైగా నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో ఇంధనం పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగు అలా పుట్టింది. అంతకుముందే, పెళ్ళి కాకముందే, తన కట్నం డబ్బు తెచ్చి కార్ల్ వ్యాపారాన్ని నిలబెట్టింది కూడా ఆమే. పేటెంటు మాత్రం కార్ల్ పేరునే ఉంది. కట్నం ఎక్కడికి పోతుందో మనకి తెలుసు, అందుకే ఈ కథ పరాయి దేశానిదిగా అనిపించదు.

నా చేతిలో ఉన్న స్ప్రే డబ్బాకీ ఇలాంటి కథే ఉంది. రంగుని స్ప్రే డబ్బాలో నింపడం 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, సికమోర్ అనే ఊళ్ళో మొదలైంది. చేసినవాడు ఎడ్వర్డ్ సీమోర్, రంగుల కంపెనీ యజమాని. తను తయారుచేసిన అల్యూమినియం రంగుని కొనేవాళ్ళకి ఎలా చూపించాలా అని ఆలోచిస్తుంటే, డబ్బాలో పెట్టి చిమ్మితే సరిపోతుంది కదా అన్నది అతని భార్య బానీ. గోడ మీద బొమ్మలు గీసే కుర్రాళ్ళ నుంచి కార్ల షెడ్ల దాకా ఇవాళ ప్రపంచమంతా వాడే వస్తువు అలా వచ్చింది. ఆమె గురించి దొరికేది ఈ ఒక్క వాక్యమే. 'భార్య సలహా మీద.'

భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కోసం స్త్రీల చరిత్రలు పోగుచేసినప్పుడు ఎదుర్కొన్నదీ, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినవాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వెతుక్కుంటూ వెళ్ళి ఎదుర్కొన్నదీ ఈ 'ఒక్క వాక్యం' సమస్యే. రాణులకీ ఉద్యమకారిణులకీ కొంత వెతుకులాట జరిగింది. పనిముట్టు పట్టుకున్న స్త్రీల కోసం జరిగిన వెతుకులాట అంతకంటే చాలా తక్కువ.

మళ్ళీ చక్రం దగ్గరికి వద్దాం. రంగు టైరు మీద పడకుండా కాపాడాలి. దానికో చక్కటి ఉపాయం ఉంది. టైరుకీ ఇనుప అంచుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. గాలి కొంచెం తగ్గించి, ఆ సందులో అట్టముక్కలు వరసగా, ఒకదాని మీదొకటి కొంచెం ఎక్కేలా చుట్టూ దోపితే, పొద్దుతిరుగుడు పువ్వు రేకుల్లా నిలబడతాయి. రంగు వాటిమీద పడుతుంది, టైరు మీద పడదు. అట్టముక్కల కోసం ఇంట్లో వెతికితే అటక మీద నా పరిశోధన కార్డులు కనబడ్డాయి. నాది తొలినాటి తెలుగు స్త్రీల పత్రికల మీద పరిశోధన. 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో మొదలైన 'గృహలక్ష్మి', ఇంకా అలాంటివి. ఒక్కో వ్యాసానికి ఒక్కో కార్డు. గ్రంథాలయాల్లో పెళుసుబారిన కాగితాలు తిరగేస్తూ నాలుగేళ్ళు రాసుకున్నవి, దాదాపు పన్నెండు వందలు. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, థీసిస్ ఇచ్చేశాక, అట్టపెట్టెలో అలాగే ఉండిపోయాయి.

ఒక్కో చక్రానికి ముప్ఫైకి పైగా కార్డులు పట్టాయి. 'ఇంటి శుభ్రత', 'పాత్రలు తోముట', 'సేవకుల యెడ గృహిణి ప్రవర్తన' అని నేనే పెట్టుకున్న శీర్షికలతో చక్రం చుట్టూ కార్డులు నిలబడ్డాయి. ఆ పత్రికలు ఆడవాళ్ళకి చదువు కావాలని వాదించాయి, ఆ చదువుతో ఇల్లు బాగా తోమాలనీ చెప్పాయి. తోమే మనిషికీ తోమించే మనిషికీ మధ్య గీత గీసి పెట్టాయి కూడా. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ గీత గురించే.

నట్లు బిగిసే బెజ్జాల అంచులకీ, చక్రం వెనక బండికి ఆనుకునే చదునైన భాగానికీ టేపు అంటించాలి. అక్కడ రంగు మందంగా పడితే తర్వాత అది నలిగి నట్లు వదులవుతాయి. ఇది అందం విషయం కాదు, ప్రాణం విషయం. తర్వాత లిఫ్టులో టెర్రస్ మీదికి మోశాను. సెల్లార్‌లో స్ప్రే చేయకూడదు. వెనక ఓజోన్ పొరకి చేటని తెలిసి, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత వాయువులు మానేశారు. ఇప్పటి డబ్బాల్లో ఎక్కువగా రంగుని తోసేది వంటగ్యాస్ కుటుంబానికి చెందిన వాయువే. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కరోనా కాలం నుంచి ఇంట్లో మిగిలిన మాస్కులు కూడా చాలవు. అవి దుమ్మునే ఆపుతాయి. టోలీన్, జైలీన్ లాంటి ద్రావకాల ఆవిర్లని ఆపాలంటే బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి. టోలీన్ గర్భంలోని బిడ్డకి హాని చేస్తుంది. ఈ సంగతి నేను కొన్న డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఒక్క ముక్క లేదు.

డబ్బాని రెండు నిమిషాలు గిలకొట్టాలి. లోపల గోళీ కటకటలాడుతుంది. అడుగు దూరం నుంచి, చక్రం బయటే మొదలుపెట్టి చెయ్యి కదుపుతూ దాని మీదుగా పోయి అవతల బయటే ఆపాలి. చెయ్యి ఒకచోట నిలిస్తే రంగు కారుతుంది. ఒకేసారి నిండుగా కొట్టాలనే ఆశ ఉండకూడదు. మొదటి పొర పడ్డాక ఇనుము ఇంకా కనబడుతూనే ఉండాలి. పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది. ప్రైమర్ మూడు పొరలు, వెండిరంగు మూడు, పైన మెరుపు కోసం, రక్షణ కోసం క్లియర్ రెండు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకూడదు. గాలిలో తేమ ఉంటే పైపొర పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. అందుకే మాఘమాసం పొడి ఎండలు ఎంచుకున్నాను. ఒకరోజు పూర్తిగా ఆరాక బిగించొచ్చు కానీ, రంగు గట్టిపడటానికి వారం పడుతుంది. బిగించేటప్పుడు నట్లని వరసగా కాక ఎదురెదురుగా బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగేలోపు ఇంకోసారి సరిచూసుకోవాలి.

ఇదీ ప్రాసెస్. డబ్బాలు, కాగితాలు, మాస్కు కలిపి నాలుగు వేలు దాటలేదు. రెండు వేలు మిగిలాయి. నా ఐదు ఆదివారాలని పీరియడ్ రేటుతో లెక్కకడితే నష్టమే. కానీ ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి ఎప్పుడూ అలా లెక్క కట్టం కదా, ఇది ఇంటి పని కిందే పోయింది.

ఇంతవరకు చెప్పింది నా వైపు కథ. ఒక చదువుకున్న స్త్రీ స్పానర్ పట్టుకుని స్వావలంబన సాధించిందని ముగిస్తే బాగానే ఉంటుంది. కానీ ఆ సెల్లార్‌లో ఇంకో మనిషి ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఆమెని అందరూ 'వాచ్‌మన్ భార్య' అంటారు. పాలమూరు నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. పొద్దున్న ఐదింటికి లేచి సెల్లార్‌లో ఉన్న ఇరవై రెండు కార్లు కడుగుతుంది. నెలకి కారుకి నాలుగు వందలు. డబ్బు వాచ్‌మన్ చేతికిస్తారు. మొదటి ఆదివారం నేను ఎమరీ పేపర్ పట్టుకుని కూర్చుంటే ఆమె చీపురు ఆపి చూసింది.

"గిదేం పని మేడం, గిది రుద్దనీకి షాపుల లేరా?" అంది.

ఉన్నారు, ఎక్కువ అడిగారు అన్నాను. ఆమె చక్రం తిప్పి చూసింది. "గిది ఎడమ దిక్కు ముందటిది గదా" అంది. ఎలా తెలిసిందని అడిగాను. "పైపు లీకయితది గాడ. మీ బండి గాడ్నే పెడ్తరు. నీళ్ళు గా చక్రం మీదనే పడ్తయి. రోజు తుడుస్త గద, నాకెర్క. నువ్వెన్ని రంగులేసినా పైపు బాగు చెయ్యకుంటే మల్ల తుప్పే."

నాలుగు చక్రాల్లో అదే ఎందుకు ఎక్కువ తుప్పుపట్టిందో కారు నడిపే నాకు తెలియదు, సర్వీసింగ్ చేసేవాళ్ళు చెప్పలేదు. తుడిచే మనిషికి తెలుసు. జ్ఞానం గురించి మనం సెమినార్లు పెట్టుకుంటాం. అనుభవం నుంచి పుట్టే జ్ఞానం, దృక్పథం, కింది నుంచి చూపు అని మాట్లాడుకుంటాం. ఆ చూపుకి నెలకి నాలుగు వందలు. అవీ మొగుడి చేతికి.

అసోసియేషన్‌కి రాసి పైపు బాగు చేయించాను. మూడో ఆదివారం ఆమె తనే వచ్చి ఎమరీ పేపర్ తీసుకుంది. వద్దనలేదు, ఊరికే చెయ్యమనీ అనలేదు. పూటకి ఇంత అని ముందే మాట్లాడుకున్నాం. నేను గంటలో చేసేది ఆమె ఇరవై నిమిషాల్లో చేసింది. టెర్రస్ మీద మాస్కు పెట్టి డబ్బా చేతికిస్తే, రెండు సార్లు గాలిలోకి చిమ్మి చూసుకుని, ఒక్క చుక్క కారకుండా పొర వేసింది. ఊళ్ళో గోడలకి సున్నం వేసిన చెయ్యి, తెల్లారితే వాకిలి ముందు ముగ్గు జారవిడిచే చెయ్యి అది. ముగ్గు వేసేటప్పుడు పిండి ఆగకూడదు, చెయ్యి ఆగకూడదు. నేను చదివి నేర్చుకున్నది ఆమె చేతిలో ఉంది.

మనకీ పడమటి దేశాలకీ ఇక్కడే తేడా వస్తుంది. కూలి ఖరీదైన చోట మధ్యతరగతి మనిషి తన పని తను చేసుకోవడం అవసరం, కొన్నాళ్ళకి సరదా. మన దగ్గర ఇంకొకరి చేతులు చౌక. పైగా చేతిపనికి కులం అంటి ఉంది. ఎవరు ఇనుము ముట్టాలో, ఎవరు తోలు ముట్టాలో, ఎవరు మురికి ముట్టాలో ముందే నిర్ణయమై ఉంది. అందుకే నేను చక్రం రుద్దితే అది 'తెగువ' అవుతుంది. ఫ్లాట్లవాళ్ళు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టి చప్పట్లు కొట్టారు. అదే చక్రాన్ని ఆమె రుద్దితే అది ఆమె చేయాల్సిన పనే. ఒకే పని, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరికి విముక్తి, ఇంకొకరికి డ్యూటీ. మనం 'స్త్రీల శ్రమ' అని ఏకవచనంలో రాసేటప్పుడు ఈ సెల్లార్ గుర్తుండాలి.

మెరిసే చక్రాలు చూసి మూడో అంతస్తులో ఉండే ఒక సార్ ఆమెని పిలిచి, తన కారుకీ వెయ్యమన్నాడు. సామాను ఆయనే తెస్తాడు, చక్రానికి రెండు వందలిస్తానన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది. "షాపోడు ఎంతన్నడు మేడం నీకు?" పదిహేను వందలని చెప్పాను. అందులో సామానుకి ఎంత పోతుందో కార్డు వెనక రాసి లెక్క చూపించాను. ఆమె కాసేపు ఆలోచించింది. మర్నాడు వెళ్ళి ఎనిమిది వందలయితే చేస్తానంది.

ఆయన నవ్వాడట. "ఎనిమిది వందలా? నీకా?" అన్నాడట. తర్వాతి వారం అదే షాపుకి వెళ్ళి చక్రానికి పదిహేను వందలిచ్చి వేయించుకొచ్చాడు. ఆమె అడిగిన కూలి షాపు రేటుకంటే తక్కువే. ఆడమనిషికి, అదీ తన కారు కడిగే ఆడమనిషికి పనిమంతుడి రేటు ఇవ్వాల్సి రావడమే ఆయనకి నష్టం. డబ్బు పోయినా ఫర్వాలేదు, గీత చెరగకూడదు. పెట్టుబడి ఎప్పుడూ చౌకని వెతుక్కుంటుందని చదువుకున్నాం. అంతకంటే ముందు అది తన తరహా మనుషుల్ని వెతుక్కుంటుందని ఆ సార్ చూపించాడు.

వాచ్‌మన్ ఆమెని కోప్పడ్డాడు. రెండు వందలు కూడా పోయాయన్నాడు. సార్లతో పేచీ ఎందుకన్నాడు. అది ఆయన భయం. ఆ ఉద్యోగం పోతే సెల్లార్‌లో ఉన్న ఒక్క గదీ పోతుంది. ఆమె మాత్రం రేటు దించలేదు. "ఊకె తుడిస్తే నాలుగొందలు. గిది తుడుసుడు గాదు మేడం, గిది పని" అంది. ఇది పని అని చెప్పడానికి మనకి ఎన్ని పుస్తకాలు కావాల్సి వచ్చాయో తలుచుకుంటే కొంచెం సిగ్గుగా, చాలా సంతోషంగా ఉంటుంది.

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, పేరు పెట్టనా అని అడిగాను. వద్దంది. "నా పేరు రాయకు మేడం. అసోసియేషనోళ్ళు సదువుతరు." సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఈమె ఏదీ మరిచిపోలేదు. పేరు ఎక్కడ చెప్పాలో, ఎక్కడ దాచుకోవాలో ఆమెకి బాగా తెలుసు. పేరు పెట్టడం గౌరవమని మనం నమ్ముతాం. ఇల్లు పోయే ప్రమాదం లేనివాళ్ళకే అది గౌరవం.

మార్చి నెలాఖరున ఐదో అంతస్తులో ఉండే ఒక లేడీ డాక్టర్ తన కారు చక్రాలు వెయ్యమంది. ఎనిమిది వందలకి బేరమాడలేదు. మాస్కు, సామాను తనే తెచ్చింది. పని పూర్తయ్యాక మూడువేల రెండు వందలు వాచ్‌మన్‌కి కాకుండా ఆమె చేతికే ఇచ్చి, క్లినిక్ లెక్కల్లో రాసుకోవాలి, రసీదు కావాలంది. రసీదు ఎట్లుంటదని ఆమె నా దగ్గరికొచ్చింది. ఎదురుగా ఉన్నది ఒక పరిశోధన కార్డే. ఒకవైపు 'పాత్రలు తోముట', అంచు పొడుగునా ఎగిరిపడిన వెండిరంగు. రెండోవైపు ఖాళీ. తేదీ, పని, మొత్తం నేను రాశాను. కింద సంతకం ఆమే పెట్టింది, అక్షరం అక్షరంగా, ఇంటిపేరుతో సహా. వాచ్‌మన్ ఇంటిపేరు కాదు, పుట్టింటిది.